గీత మారితే ప్రత్యర్థి మారాడు

గుంటూరు బ్రాడీపేటలోనైనా ఒంగోలు లాయర్‌పేటలోనైనా, పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్ళలో ఐవీ లీగ్ పేరు వినని వాళ్ళుండరు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ చదువులకు పడ్డ ముద్దుపేరు అనుకుంటారంతా. నిజానికది ఆటల కూటమి. ఎవరు ఎవరితో ఆడాలి, ఆటగాడికి ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చా వంటి విషయాల మీద 1954లో ఎనిమిది విశ్వవిద్యాలయాలు రాసుకున్న ఒప్పందం. స్కాలర్‌షిప్ ఇవ్వకూడదనే రాసుకున్నాయి. దానికంటే యాభై ఎనిమిదేళ్ళ ముందే, 1896లో, షికాగో చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు ఇప్పుడు బిగ్ టెన్ అని పిలుస్తున్న కూటమిని కట్టుకున్నాయి. పేరులో పదే ఉన్నా ఇప్పుడందులో సభ్యులు పద్దెనిమిది మంది. టీవీ ప్రసారాల డబ్బు ఎటు మొగ్గితే సభ్యులూ అటు మొగ్గుతున్నారు. పసిఫిక్ తీరాన శతాబ్దం పైగా నడిచిన పాక్-12 కూటమి నుంచి 2024 నాటికి పన్నెండులో పది వెళ్ళిపోయాయి.

పత్తి, మిరప పండే మన మైదానంలో అలాంటి ఒప్పందం ఎవరూ రాసుకోలేదు. లీగ్ మాత్రం ఉంది. పేరు ఇంటర్ కాలేజియేట్. గుంటూరు ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, జేకేసీ, తెనాలి వీఎస్ఆర్, నరసరావుపేట ఎస్ఎస్ఎన్, చీరాల వీఆర్ఎస్ అండ్ వైఆర్ఎన్, ఒంగోలు సీఎస్ఆర్ శర్మ... బనియన్ల వీపుల మీద ఈ ఇనిషియల్స్ చూసి, ఎవరి ఊరి జట్టు ఏదో చెప్పగలిగిన తరాలు ఉన్నాయి. చాలావరకు ఊళ్ళో ఆస్తిపరులు పొలాలో డబ్బో ఇచ్చి పెట్టించినవి కావడంతో దాతల పేర్లే ఆ కాలేజీల పేర్లయ్యాయి. జేకేసీ అంటే జాగర్లమూడి కుప్పుస్వామి చౌదరి. ఆ లీగ్‌ను ఎవరూ ప్రారంభించలేదు కాబట్టి దానికి పుట్టినరోజు లేదు. ఏ కాలేజీ ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో అదే సభ్యత్వం. అందుకే ఈ లీగ్ చరిత్ర మైదానాల్లో కంటే ప్రభుత్వ చట్టాల్లో, జీవోల్లో ఎక్కువగా దొరుకుతుంది.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. ఇక్కడ ఆటకు మొదటి ప్రత్యర్థి నల్లరేగడే. పత్తికి బంగారం లాంటి ఈ నేల పరుగు పందేనికి పగవాడు. వానకు ఉబ్బి బురదై బూటును వదలదు, ఎండకు బిగుసుకుని చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. నాలుగు వందల మీటర్ల ట్రాక్ వెయ్యాలంటే పై మట్టి తీసి గ్రావెల్, ఎర్రమట్టి తోలించాలి. అంత ఖర్చు పెట్టగల కాలేజీలు కొన్నే. అందుకే ఇక్కడ అథ్లెటిక్స్ కంటే కోర్టు ఆటలు ముందు నిలదొక్కుకున్నాయని నాకనిపిస్తుంది. నాలుగు బండ్ల ఎర్రమట్టి తోలించి, నీళ్ళు చల్లి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీస్తే వాలీబాల్ కోర్టు సిద్ధం. కబడ్డీకి వల కూడా అక్కర్లేదు. ఖోఖోకు రెండు పోల్స్ పాతితే చాలు.

వీటన్నిటికంటే కాలేజీ ఆటగా ఎక్కువ వెలిగింది బాల్ బ్యాడ్మింటన్. పసుపు ఊలు బంతి, చెక్క బ్యాటు, వలకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. తంజావూరు వైపు పుట్టి తెలుగునేల మీద బలిసిన ఆట ఇది. ఈ ఆటకే అర్జున అందుకున్న జమ్మలమడక పిచ్చయ్య (1970) వరంగల్‌లో స్థిరపడ్డ తెలుగువాడు. ఊలు బంతి గాలికి కొట్టుకుపోతుంది కాబట్టి సాయంత్రం గాలి ఎటు వీస్తోందో చూసి కోర్టు వైపు ఎంచుకునేవారు. ఒలింపిక్స్‌లో లేని ఆట కదా, టీవీ పట్టించుకోలేదు, ఊళ్ళు మెల్లగా మరిచిపోయాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల పట్టికలో మాత్రం ఇంకా నిలిచి ఉంది. ఆ ఒక్క పట్టిక వల్లే కొన్ని కాలేజీల్లో ఆ కోర్టు గీతలు ఇప్పటికీ చెరగలేదు.

ఏసీ కాలేజీలో లూథరన్ మిషనరీలు కాలేజీ తరగతులు మొదలుపెట్టింది 1885లో. అంటే ఐవీ లీగ్ మాట అటుంచి, బిగ్ టెన్ కూడా పుట్టకముందు. అప్పటికి అది మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉంది. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది, 1930లో వాల్తేరు చేరింది. గుంటూరు కాలేజీల కాగితాలతో పాటు ఆటగాళ్ళ దారి కూడా దక్షిణం నుంచి ఉత్తరానికి తిరిగింది. విశ్వవిద్యాలయ జట్టులో చోటు కావాలంటే దాదాపు 380 కిలోమీటర్లు రైల్లో పోయి విశాఖ గాలిలో ఆడాలి. మద్రాసు పోయినా దూరం కాస్త అటూ ఇటుగా అంతే. ఎటు పోయినా పొరుగూరే, సొంతిల్లు కాదు.

మద్రాసు ఇంకో రకంగా ఈ నేలను వదల్లేదు. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో అక్కడ వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. ఆసియాలో ఆ తరహా సంస్థల్లో మొదటిదంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటబెట్టుకుని వెళ్ళిందీ ఆయనే. వాలీబాల్, బాస్కెట్‌బాల్ రెండూ అమెరికాలో వైఎంసీఏ శిక్షకులు కనిపెట్టిన ఆటలు. అవి మద్రాసులో దిగి, అక్కడ శిక్షణ పొందిన వాళ్ళ వెంట జిల్లా కాలేజీలకు వచ్చాయి. అలా వచ్చిన మనిషే పీడీ, ఫిజికల్ డైరెక్టర్. మెడలో విజిల్, తెల్ల ప్యాంటు, నోట్లో సగం ఇంగ్లీషు సగం తిట్లు. మన కాలేజీ కథల్లో లెక్చరర్లు, ప్రిన్సిపాళ్ళు కనపడినంతగా పీడీ కనపడడు. కానీ కాలేజీల మధ్య లీగ్ అనేది ఒకటి బతికిందంటే అది ఆయన పుణ్యమే. ఎంట్రీ ఫారం నింపడం, ప్రిన్సిపల్ సంతకం పట్టడం, డ్రా తీసేచోట పక్క కాలేజీ పీడీతో పేచీ పడటం, సాయంత్రం అదే పీడీతో కలిసి టీ తాగడం ఆయన పనులే.

స్వాతంత్ర్యం నాటికి ఈ లీగ్ బాగా వైవిధ్యంగా ఉండేది. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల, 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చాయి. రెండూ ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందివే. అంటే ఆర్ట్స్ కాలేజీ కుర్రాడు, కాబోయే డాక్టరు, కాబోయే వ్యవసాయ అధికారి ఒకే గొడుగు కింద ఆటగాళ్ళు. 1942లో గుంటూరులో ప్రభుత్వ మహిళా కళాశాల వచ్చింది. ఆడపిల్లల ఆట కాలేజీ ప్రహరీ దాటి విశ్వవిద్యాలయ పోటీల దాకా రావడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. ఆ ఆలస్యానికి నేలనో డబ్బునో నిందించలేం.

ఈ గొడుగు ఎలా చిరుగుతూ వచ్చిందో గమనిస్తే ఒక క్రమం కనపడుతుంది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడింది. బాపట్ల జట్టు ఊళ్ళోనే ఉండి లీగ్ నుంచి వెళ్ళిపోయింది. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది, దానికి వేరే బోర్డూ వచ్చింది. డిగ్రీకి ముందు పీయూసీ చదివే పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళు డిగ్రీ కాలేజీ జట్టులోంచి తెగిపోయారు. పైకి పరీక్షల సంస్కరణలా కనిపించే ఈ మార్పు పీడీల నడ్డి విరిచింది. పీయూసీలో పట్టిన కుర్రాణ్ణి డిగ్రీ చివరిదాకా నాలుగేళ్ళు తీర్చిదిద్దే వీలు పోయింది. డిగ్రీలో చేరేసరికి వాడికి ఆట వచ్చి ఉంటే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు.

మధ్యలో ఒక మంచి రోజు కూడా వచ్చింది. 1967లో గుంటూరు పక్క నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం పెట్టారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, రెండేళ్ళకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ పీజీ కేంద్రమే పునాదిగా, 1976 సెప్టెంబరు 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నాగార్జున విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. ఆచార్య నాగార్జున అనే పూర్తి పేరు 2004లో చేరింది. గుంటూరు, విజయవాడ నడుమ నంబూరు దగ్గర, జాతీయ రహదారి పక్కన ఉంది ప్రాంగణం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం మూడు జిల్లాల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. మొదటిసారి ఈ మైదానపు కుర్రాడు సొంత గడ్డమీద ఆడి విశ్వవిద్యాలయ రంగు వేసుకునే వీలు కలిగింది.

1976 నుంచి 2008 వరకు, ఆ ముప్ఫై రెండేళ్ళూ ఈ లీగ్‌కు అసలైన యవ్వనం అంటాను. ఎందుకంటే అందులో విజయవాడ ఉంది. 1937 నాటి ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్, 1953 నాటి లయోలా ఒకవైపు, గుంటూరు కాలేజీలు మరోవైపు. కృష్ణకు ఇవతల వాళ్ళకు అవతల వాళ్ళంటే ఎప్పుడూ ఒక కన్ను ఎర్రగానే ఉంటుంది. సినిమా, రాజకీయం, పచ్చడి, అన్నిట్లోనూ. ఆ పంతానికి కోర్టు మీద కూడా చోటు దొరికింది. పైగా దూరం గంట ప్రయాణం. జట్టుతో పాటు హాస్టల్ కూడా బస్సెక్కి వచ్చేంత దగ్గర. అమెరికా కూటములు కోట్లు పోసినా కొనలేనిది ఇదే. లాస్ ఏంజెలిస్ జట్టు ఇప్పుడు లీగ్ మ్యాచ్ కోసం న్యూజెర్సీ దాకా విమానంలో పోతోంది.

ఆ పోటీలు ఎలా జరుగుతాయో కొత్తవాళ్ళకు కొంచెం చెప్పాలి. విశ్వవిద్యాలయం ఏడాది మొదట్లో ఒక్కో ఆటను ఒక్కో కాలేజీకి అప్పగిస్తుంది. వాలీబాల్ ఒకచోట, కబడ్డీ ఒకచోట. ఆతిథ్యం ఇచ్చే కాలేజీ భోజనాలు, బస చూసుకుంటుంది. నాకౌట్ పద్ధతి, చివరి నాలుగు జట్లకు లీగ్. కప్పు ఎవరు గెలిచారన్నది ఆ ఊరి సంగతి. అసలు సంగతి కోర్టు పక్కన కుర్చీల్లో కూర్చున్న సెలెక్షన్ కమిటీ చేతి కాగితంలో ఉంటుంది. అందులో పేరు పడ్డవాడు కోచింగ్ క్యాంపుకు, అక్కణ్ణుంచి సౌత్‌జోన్‌కు, అక్కడ జట్టు మొదటి నాలుగులో నిలిస్తే అఖిల భారత పోటీకి పోతాడు. ఈ పై అంతస్తులన్నీ భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా పుట్టి, 1973లో ఇప్పటి పేరు తెచ్చుకున్న సంస్థ అది. ఆటలన్నిటిలో కలిపి మేటిగా నిలిచిన విశ్వవిద్యాలయానికి 1956-57 నుంచి మౌలానా ఆజాద్ ట్రోఫీ ఇస్తున్నారు. అది ఎక్కువసార్లు పంజాబ్ వైపే పోయింది.

సెలెక్షన్ కాగితం ఎందుకంత విలువైనదో మిరప రైతు ఇంటి కుర్రాణ్ణి అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో విశ్వవిద్యాలయం తరఫున ఆడినవాడికి ఫారం-3 అని ఒక సర్టిఫికెట్ ఉంటుంది. రైల్వే, తపాలా, ఆదాయపన్ను శాఖల తలుపులకు అది తాళంచెవి. రాష్ట్రంలోనూ ఉద్యోగాల్లో రెండు శాతంగా ఉన్న క్రీడా కోటాను 2024 నాటి క్రీడా విధానంలో మూడుకు పెంచారు. తామర పురుగు పడి మిరప తోట మాడిపోయిన ఏడాది కొడుకు చేతిలో ఫారం-3 ఉండటం అంటే ఏమిటో పల్నాడు పల్లెల్లో చెప్పక్కర్లేదు. నగరాల్లో కూర్చుని కాలేజీ ఆటలను కాలక్షేపం అనేవాళ్ళు ఈ లెక్క తెలియనివాళ్ళు.

ఆటల సీజను కూడా పంటల పంచాంగం పక్కనే నడుస్తుంది. కాలేజీల మధ్య పోటీలు వానాకాలం చివర మొదలై సంక్రాంతికి ముందు ముగుస్తాయి. సౌత్‌జోన్‌లూ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పత్తి తీతలు అప్పుడే. సెలవు పెట్టి చేలోకి దిగాల్సిన కుర్రాడు సెలవు పెట్టి క్యాంపుకు పోతాడు. ఇంట్లో అందుకు ఒప్పించడం కూడా పీడీ పనే. సంక్రాంతి దాటాక మిరప కోతలు, కల్లాలు, యార్డు. ఆపైన పరీక్షలు. ఇక ఆట ఊళ్ళకు మారుతుంది. తిరునాళ్ళలో, ఎడ్ల పందేల పక్కన, ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ. కాలేజీ కోర్టులో నేర్చిన పట్టు ఊరి ప్రైజ్‌మనీ దగ్గర పనికొస్తుంది.

మళ్ళీ చిరుగుల దగ్గరికి వద్దాం. 1986లో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చి వైద్య కళాశాలలను విడదీసింది. అసలు దెబ్బ 2008లో తగిలింది, అదీ రెండువైపుల నుంచి. మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడి విజయవాడ కాలేజీలను తీసుకుపోయింది. అదే ఏడాది జేఎన్టీయూ కాకినాడ పుట్టి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువ భాగాన్ని తన కిందికి తీసుకుంది. అన్నీ పోలేదు. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ, గుంటూరు పక్క చౌడవరంలోని ఆర్వీఆర్ అండ్ జేసీ నాగార్జునతోనే ఉన్నాయి. నరసరావుపేట ఇంజనీరింగ్ కుర్రాడి జట్టు దారి కాకినాడకు, చౌడవరం కుర్రాడి దారి నంబూరుకు. ఇద్దరూ ఒకే బస్సులో కాలేజీకి పోయే మిత్రులైనా సరే.

డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి ఇంకో తీరు. వడ్లమూడి విజ్ఞాన్‌కు, వడ్డేశ్వరం కేఎల్‌కు డీమ్డ్ హోదా వచ్చింది. 2017లో అమరావతి పల్లెల్లో ఎస్ఆర్ఎం, విట్ తెరిచారు. ఇవి ఏ ఇంటర్ కాలేజియేట్‌లోనూ ఆడవు. తామే విశ్వవిద్యాలయాలు కాబట్టి నేరుగా సౌత్‌జోన్‌కు పోతాయి. వీటి దగ్గర డబ్బుంది, ఇండోర్ హాళ్ళున్నాయి, పేరున్న ఆటగాళ్ళకు ఫీజు రాయితీలున్నాయి. ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ చదివింది కేఎల్‌లోనే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన అమ్మాయిని ఏ విశ్వవిద్యాలయమైనా సగర్వంగా చెప్పుకుంటుంది. తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే మేటి ఆటగాళ్ళు ఎక్కువమంది ఆ గేట్ల లోపలికి పోయేకొద్దీ తెనాలి, చీరాల కాలేజీలకు తలపడి నేర్చుకునే ప్రత్యర్థి కరువవుతున్నాడు.

చివరగా ప్రకాశం. ఒంగోలులో ఉన్న నాగార్జున పీజీ ప్రాంగణమే ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం అయింది. ఒంగోలు వాళ్ళు ఎన్నాళ్ళుగానో అడిగారు, న్యాయమైన కోరికే. ఒక సర్టిఫికెట్ కోసం గిద్దలూరు నుంచి నంబూరు దాకా పోవాల్సిన తిప్పలు వాళ్ళకు తెలుసు. కానీ మూడు జిల్లాల లీగ్‌లో అప్పటికే కృష్ణా పోయింది, ఇప్పుడు ప్రకాశం పోయింది. నాగార్జునకు మిగిలింది పాత గుంటూరు.

ప్రకాశం వైపు ఆట ఎండిపోయిందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. జె.పంగులూరు అనే చిన్న ఊరు ఖోఖోకు పెట్టింది పేరు. రాష్ట్రస్థాయి పోటీలు, శిక్షణ శిబిరాలు ఆ ఊరికి కొత్త కాదు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్‌లో, ఫైనల్లో నేపాల్‌ను 54-36తో ఓడించిన భారత జట్టులో పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు. ప్రకాశం జిల్లా కుర్రాడు. బాపట్ల పక్క స్టువార్టుపురం మరో ఉదాహరణ. ఒకనాటి బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను నేరస్తులుగా ముద్రవేసి తెచ్చి పెట్టిన ఊరు అది. ఆ ఊరివాడు రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. రాహుల్ శిక్షణ పొందింది హకీంపేట క్రీడా పాఠశాలలో. పిల్లల్లో సత్తా ఉంది, ఊళ్ళల్లో పట్టుదల ఉంది. మధ్యలో ఉండాల్సిన కాలేజీ మెట్టే అరిగిపోయింది.

అరగడానికి కారణం ఒక్క సరిహద్దులే కావు. పాత కాలేజీల్లో చాలావరకు ఎయిడెడ్‌వి. ఆ పోస్టులు నింపడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్న విధానంతో మిగిలిన కొద్దిమందీ కదిలిపోయారు. పీడీ రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోని కాలేజీలున్నాయి. అక్కడ ఎంట్రీ ఫారాలు ఎవరో కామర్స్ లెక్చరరు అదనపు బాధ్యతగా నింపుతాడు, లేదా నింపడు. ఇక ఇంటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దె భవనం నాలుగో అంతస్తులో ఉదయం ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ఈఏపీసెట్ రుద్దే చోట్ల, ఆట అంటే లిఫ్ట్ పాడైనప్పుడు మెట్లెక్కడమే. అలా రెండేళ్ళు గడిపి డిగ్రీకి వచ్చినవాడికి పద్దెనిమిదేళ్ళకే ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది.

విశ్వవిద్యాలయాలను మళ్ళీ కలపమని ఎవరూ అడగడం లేదు. ఆ కాలం పోయింది. కానీ నాగార్జున, కృష్ణా, ఆంధ్రకేసరి, కేఎల్, విజ్ఞాన్, ఎస్ఆర్ఎం, విట్‌ల క్రీడా విభాగాల వాళ్ళు ఏడాదికోసారి కూర్చుని తమలో తాము ఒక టోర్నమెంటు పెట్టుకోవడానికి శాసనసభ చట్టం అక్కర్లేదు. బిగ్ టెన్ పుట్టుకకు ముందు, షికాగోలో 1895లో ఏడు విశ్వవిద్యాలయాల అధ్యక్షులు ఒక హోటల్లో కూర్చున్నప్పుడు వాళ్ళ చేతిలోనూ ఏ జీవో లేదు. మనవాళ్ళు కూర్చోవాలంటే దూరం కూడా అడ్డం కాదు. విజయవాడ నుంచి వడ్లమూడి దాకా ఉన్న విశ్వవిద్యాలయాలన్నీ ఒక్క పూటలో కారులో చుట్టి రావచ్చు.

ఇప్పటికైతే జరుగుతున్నది ఇదీ. నంబూరు జట్టు, వడ్డేశ్వరం జట్టు, ఒంగోలు జట్టు, మచిలీపట్నం జట్టు, కాకినాడ పేరుతో ఆడే నరసరావుపేట కుర్రాళ్ళు, ఎవరి ట్రాక్‌సూట్‌లో వాళ్ళు, ఎవరి మేనేజర్ వెంట వాళ్ళు సౌత్‌జోన్ రైలెక్కుతారు. తమిళనాడులోనో కేరళలోనో ఏదో విశ్వవిద్యాలయం గోడకు అంటించిన డ్రాలో వెతుక్కుంటారు. పక్కూరి కుర్రాడితో ఆడాల్సి ఉందని అక్కడ తెలుస్తుంది, ఆ ఏడాదికి అదే మొదటిసారి.